రెండు చుక్కలు

పోర్ట్ ఆర్థర్‌లో ఫిన్నిష్ పత్రికకి
అక్షరాలు పేర్చేవాణ్ణి నేను.
ఇంట్లో ఉక్రేనియన్, వీధిలో ఇంగ్లిష్,
వేళ్ళకి మాత్రం ఫిన్నిష్.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
అద్దంలోలా తిరగబడ్డ సీసపు ముక్కల్ని
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరి
వరసలో నిలబెట్టడం, వారానికి తొమ్మిది డాలర్లు.
రంపపు మిల్లులో సమ్మె కబురూ
ఎవరిదో పాత కుట్టుమిషను అమ్మకమూ
నాకొకటే బరువు.

చివరి పేజీ మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండేది.
నల్లగీతల పెట్టె, పేరు, రెండు తేదీలు,
కింద అవే మాటలు.
అలా నాకు తెలీకుండానే భాష వచ్చింది,
తుది నుంచి మొదలై.
మంచినీళ్ళడగడం రాదు,
'నిద్రలోనే వెళ్ళిపోయింది' అనడం వచ్చు.
బేకరీలో ఓసారి ధైర్యం చేసి నోరు తెరిస్తే
ఆ పిల్ల రొట్టె కింద పెట్టి
ఎవరు పోయారని అడిగింది.

ఆ ఫిబ్రవరిలో ముసలివాళ్ళు వరసపెట్టి పోయారు.
నెత్తిన రెండు చుక్కలుండే అక్షరం
గడిలో నిండుకుంది.
అది లేకుండా వాళ్ళకి వాక్యం నడవదు.
ఆ అచ్చుకి మా దగ్గర అచ్చు చాలదు.
అలాంటప్పుడు బోడి అక్షరం పెట్టేసేవాణ్ణి,
చుక్కలు చదివేవాళ్ళే పెట్టుకునేవారు.

గురువారం రాత్రి ఆఖరి పెట్టెకి కాగితం
సంపాదకుడు ఉర్హో కంగస్ తనే తెచ్చాడు,
కోటు విప్పకుండా.
పైవిక్కి కంగస్.
పేర్చాను. బోడి అక్షరంతోనే.

తడి ప్రూఫు దీపం కింద పెట్టి
చాలాసేపు చూశాడు.
నాకొచ్చిన మాటలన్నీ ఆ రాత్రికి సరిపోయేవే,
ఒక్కటీ నోటికి రాలేదు.
"ఇది ఆవిడ కాదు" అన్నాడు,
నాకోసం ఇంగ్లిష్‌లో.

అచ్చు ఆపలేదు. నాలుగువందల పన్నెండు ప్రతులు.
అయ్యాక రెండు కలాలు తీశాడు,
నాకొకటి, తనకొకటి.
సరస్సు మీద మంచు పగిలే చప్పుడు వింటూ
తెల్లారేదాకా
ఒక్కో ప్రతిలో, ఆవిడ పేరు మీద,
చుక్క, చుక్క.

ఒకదాంట్లో చెయ్యి వణికి
నాకు మూడోది పడింది.
చింపబోతే ఆపాడు.
మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఆవిడ ప్రతి.
ప్రతివారం తప్పులు దిద్ది
నా పళ్ళెం పక్కన పెట్టేది."