చంద్రగిరి కోట, టికెట్టు కౌంటరు

"డ్రాగన్ను యాడ కట్టేసేవాళ్లు మామా?"
రాజమహల్ మెట్ల మీద పునీత, ఏడో తరగతి.
చంకలో దిండంత నవల,
అట్ట మీద రెక్కల పాము.

ఈడ గుర్రాలుండె, ఏనుగులుండె.
అద్దాల వెనక తుప్పు కత్తులుండాయి.
ముప్పైయేండ్లుగా టికెట్లు చించతాండా,
ఈ మాట ఎవురూ అడగలా.

కిటికీ మూస్తా చెప్పినా:
ఉండేది పాపా. మంట నోట్లోనే.
రెక్కల్లేవు, పల్లకీ ఉండేది.
మీది బంగారమ్మీద పడుకుంటాది,
మాది కాలికి తొడుక్కోని నడిచేది.
కోపమొచ్చి ఒక్క పద్యం తిట్టిందా
ఊరు బూడిదంట.
పొగిడేటప్పుడు కూడా
మొదటక్షరం విషమైతే రాజే పోతాడంట.
అందుకే సింహాసనం మీదాయన
దాని ముందర మెల్లగా దగ్గేవాడు.

"అబద్ధం" అనింది.
కావచ్చు. మా నాయన చెప్పినాడు,
అదీ కల్లు తాగినప్పుడు.

పాప నవ్వలా.
పొద్దన క్లాసులో సారు
తను రాసిన కథ చింపేసినాడంట.
పాత టికెట్టు వెనక ఏందో రాసింది,
మూడుసార్లు కొట్టేసింది.
"ఏ అక్షరంతో మొదలుపెట్టాల మామా?"

కోట మీద గబ్బిలాలు లేస్తాండాయి.
తెలీదు పొమ్మన్నా.
తెలుసు.