ఏడో కుప్ప

బుర్గాన్‌కు దక్షిణాన, కంచె లోపల,
మాకు పన్నెండు కుప్పలు.
ఒక్కోటి చెనిక్కాయ కట్టె వామంత పొడుగు,
నల్లగా, కాళ్లకింద తారు మాదిరి మెత్తగా.
నేను పుట్టిన ఏడాది ఇక్కడ బావులు తగలబడినాయంట.
మంటలు ఆరినాక మిగిలిన నూనె గుంటల్లో నిలిచి,
ఎండి, ఇసకను కరుచుకోని ఉండిపోయింది.
దానికీ నాకూ ఒకే వయసు.

ఇంటికాడ ఫోన్లో అడుగుతారు, ఏం పనబ్బా అని.
సేద్యం అంటాను.
నమ్మరు.
నిజమే చెబుతున్నా: నీళ్లు పెడతా,
యూరియా చల్లుతా,
గుల్ జమాన్ యంత్రంతో కుప్ప తిరగేస్తాంటే
వెనక నడుస్తా, గడ్డలు చిదుపుతా.
మొలిచేది మాత్రం కంటికి కనపడదు.

డాక్టర్ బద్రియా గాజు పలక ఎత్తి వెలుతురుకు పట్టి
అరబ్బీలో ఏదో అనింది.
ఖాదర్‌వలీ తెలుగు చేసినాడు.
వాడు చేసే తెలుగులో సగం వాడి సొంతం.
"పుస్తకంలో సూక్ష్మజీవులు, మనకు పురుగులు అనుకో.
నూనే వాటికి బువ్వంట.
బయటినుంచి తెచ్చినవి కావంట రా,
ఈ ఇసకలోనే ఉన్నాయంట, నిద్రపోతా.
మనం లేపి, నీళ్లిచ్చి, కూర్చోబెట్టి
వడ్డించాలంట."

అప్పుడు గుర్తొచ్చింది
లక్కిరెడ్డిపల్లె వ్యవసాయాఫీసులో ఇచ్చిన నల్లపొడి పొట్లం.
బెల్లం నీళ్లలో కలిపి విత్తనాలకు పట్టించమన్నారు.
మా నాయన వాసన చూసి
"బొగ్గుపొడి అంటగడతాండారు" అని గట్టు మీద పారేసినాడు.
బెల్లం నేను తిన్నా.
ఆ ఏడు వాన రాలా, పంట పోయింది.
తప్పు పొట్లానిదా మబ్బుదా తేలనేలేదు.

ఆమె ముందు మంచుదేశంలో చేసిందంట ఇదే పని.
ఉత్తరపు కొసన, డీజిల్ ట్యాంకు కారిన నేల,
ఏడాదికి రెండు నెలలే కరిగే మట్టి.
అక్కడ కుప్పలకు దుప్పట్లు కప్పుతారంట,
పురుగులకు చలి అని.
ఇక్కడ మధ్యాహ్నం చెయ్యి పెడితే బొబ్బలు.
మేమూ పట్టా కప్పుతాం, నీళ్లు ఆవిరై పోకుండా.
"యాడైనా ఒకటే," అన్నాడు గుల్ జమాన్ టీ ఊదుకుంటా,
"పనిచేసేటోన్ని కొంచెం చూసుకోవాల."
ఉర్దూలో ఇంకా బాగుండింది ఆ మాట.

పదకొండు కుప్పల్లో లెక్క దిగుతా వచ్చింది.
ఏడోది మొండికేసింది.
ఉప్పెక్కువ అని ఆమె మంచినీళ్లు పెంచింది.
అదే శుక్రవారం హసావీలో, రాయచోటోళ్ల అంగట్లో
నేను అరకిలో బెల్లం కొన్నా.
బకెట్లో కరిగించి, ఎవరూ లేనప్పుడు పోసినా.
ఎందుకంటే చెప్పలేను.
గట్టు మీది పొట్లానికి బాకీ అనుకో.

నాలుగు రోజులకు చీమలు.
ఆ నల్లమట్టి మీద, వరసగా.
బద్రియా మోకాళ్ల మీద కూర్చోని ఫోటోలు తీస్తాంది,
ముఖం వెలిగిపోతాంది.
ఇంక ఉండలేక చెప్పేసినా.
ఖాదర్‌వలీకి బెల్లానికి అరబ్బీ దొరకలా.
నేనే వేలు నాకి, చప్పరించి చూపించినా.

నవ్వలేదు. తిట్టనూ లేదు.
పుస్తకంలో ఏడో వరస పొడుగునా గీత కొట్టింది.
పనిచేసింది నీళ్లో, నా తీపో
ఇంక తెలిసే దారి లేదంట.
మూడు నెలల ఆమె లెక్క, అరకిలో నా బెల్లం.
ఆ రాత్రి అన్నం సయించలా.

గీత కొట్టినా తిరగేయడం ఆపలేదు మేం,
ఎవరూ కొలవని కుప్పను.
నవంబరులో ఒక తెల్లారి గుల్ జమాన్
యంత్రం ఆపి, దిగి, ముక్కు ఎగబీల్చినాడు.
నేనూ వంగినా.
నూనె కంపు కాదు.
తొలకరీ కాదు, ఇక్కడ తొలకరి యాడిది.
మట్టి. అంతే.
పిడికిట్లోకి తీసుకుంటే చెయ్యి నల్లబడలా.

బద్రియా పుస్తకంలో వాసనకు గడి లేదు.
ఒక గుప్పెడు సీసాలో పోసుకోని,
మూత మీద అంకె వేయకుండా
కోటు జేబులో వేసుకుంది.