తరుగు

టిక్కీకి ఇంతని తరుగు తీయడం నా ఉద్యోగం.
గుంటూరు యార్డులో ఇరవై రెండేళ్ళుగా కాటా గుమాస్తాని.
తేమకని కొంత, గోతానికని కొంత,
రైతు ముఖం చూడకుండా రాసెయ్యడం చేతికి అలవాటు.

ఇప్పుడు నా ఒంట్లోంచి ఎవరో
నా ముఖం చూడకుండా తరుగు తీస్తున్నారు.
ఆగస్టులో అరవై ఎనిమిది,
ఫిబ్రవరిలో యాభై మూడు.
హమాలీలు టీకి వెళ్ళాక
కాటా ఎక్కి నేనే చూసుకున్నాను.

యార్డు గేటు నుంచి కొత్తపేట ఆసుపత్రి దాకా
మరుగుదొడ్లన్నీ నాకు నోటికొచ్చు.
పెట్రోలు బంకు కుర్రాడు అడక్కుండానే తాళం ఇస్తాడు.
నెత్తురు సంగతి మాత్రం
కరీమాకి మూడు నెలలు చెప్పలేదు.
మిరపకాయల ఊళ్ళో ఎర్రమరకకి సాకులు కరువా?

కారం మానెయ్యమన్నారు చుట్టాలు. మానేశాను.
గాలి మానడం ఎట్లాగో చెప్పలేదెవరూ.
డాక్టరు మాత్రం కారాన్ని వదిలేశాడు:
"దొంగ బయటివాడు కాదు నూర్బాషా,
నీ కాపలావాళ్ళే నీ పేగు గోడని కొరుకుతున్నారు."

పక్క వాటాలో హిమజ ఉంటుంది,
లాం వైపు కాలేజీలో ఏదో పరిశోధన.
ఒక పొద్దున కరీమా పెరుగు పారబోస్తుంటే
పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.
గరిటె ఎత్తితే తీగలు తీగలుగా సాగుతోంది ఆ పెరుగు.
"చీమిడిలా ఉందే," అంది కరీమా.
"ఆ చీమిడే కావాలక్కా," అంది పిల్ల.
మా ఊరగాయ సీసాలో పట్టుకుపోయింది.
సీసా ఇంకా తిరిగి రాలేదు.

ఆ తర్వాత మెట్లమీద కూర్చుని చెప్పింది.
అది కంటికానని జీవి వడికిన నూలట.
చక్కెర పూసకి చక్కెర పూస గుచ్చి
తన చుట్టూ తనే కప్పుకునే దుప్పటి.
పేగులో జిగురుపొర చిరిగినచోట
ఆ దుప్పటి పరిస్తే
కాపలావాళ్ళ కోపం కాస్త చల్లారుతుందట.

మా తాత దూది ఏకినవాడు.
వీధివీధీ తిరిగి పాత పరుపులు విప్పి,
ముద్దకట్టిన దూదిని మళ్ళీ మెత్తన చేసినవాడు.
నాకు వేరే పాఠం అక్కర్లేకపోయింది.

ఎలుకలకి పేగుపూత తెప్పిస్తారట ముందు.
సగం వాటికి ఈ జిగురు, సగం వాటికి ఉత్త నీళ్ళు.
రోజూ ఒక్కోదాన్నీ కాటా వేస్తుంది.
"తరుగెంత?" అన్నాను, వృత్తిధర్మం.
"జిగురు తాగినవాటికి తక్కువ బాబాయ్."
"చివర?"
"చివర కోసి పేగు పొడవు కొలుస్తాం."
ఆ మాట అన్నప్పుడు
మెట్టు మీది పగులు చూసింది గానీ నన్ను చూడలేదు.
ఆ చూపు నాకు తెలుసు.
ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

"మరి నాకు?"
"ఏళ్ళు పడుతుంది. అసలు రావచ్చు, రాకపోవచ్చు.
మాత్రలు మానకు.
ఆ పెరుగు తాగి వైద్యం చేసుకోకు."

కడుపులో చల్ల కదలకుండా బతకమని
మా అమ్మ దీవించేది.
చల్లలో ఇంత మంది వడికేవాళ్ళున్నారని
ఆమెకూ తెలియదు.

నిన్న మళ్ళీ తీగ సాగింది.
కరీమా పారబోయలేదు.
గోడ మీంచి కేకేసింది: "హిమజా, నీ చీమిడొచ్చిందే!"

ఇవాళ కాటా ఎక్కాను. యాభై మూడున్నర.
మాత్రల పుణ్యమో, ఏమో.
చెప్పులతోనే ఎక్కాను.
చెప్పులకని తరుగు తీయలేదు.