మూడో ఫొటో

మొదటి ఫొటోలో ఇద్దరున్నారు.
పునాది మీద, ఎండకి కళ్లు చికిలించి
పెంచలమ్మ, పక్కన అంకయ్య.
వెనక ఏమీ లేదు.
ఆత్మకూరు మెట్ట, తీగల్లేని కరెంటు స్తంభం,
ఎవరిదో తప్పిపోయిన మేక.
నేను ఫోను పైకెత్తి ఉపగ్రహం కోసం తిరుగుతుంటే
అంకయ్య అడిగాడు:
"పైనుంచి మా ఇల్లు కనపడుద్దా సారూ?"
ఇప్పుడు పునాదే కదయ్యా, అన్నాను.
"పునాదైనా కనపడుద్దా?"

నేను హౌసింగు వర్క్ ఇన్‌స్పెక్టర్ని.
నా లెక్కలో ఇంటికి గదులుండవు, మట్టాలుంటాయి:
బేస్‌మెంటు, లింటెలు, రూఫు, కంప్లీటు.
మట్టానికో ఫొటో, ఫొటోకో బిల్లు.
ఫొటోలో ఇంటామె ఉండాలి, గోడ ఉండాలి,
ముఖాన నీడ పడకూడదు.

రెండో ఫొటోలో పెంచలమ్మ ఒక్కతే.
తలుపుల్లేని ద్వారబంధంలో
ఒక చెయ్యి చెక్కకి ఆనించి నిలబడింది.
కార్డులో రెండు పేర్లున్నాయి.
రెండో మనిషేడని యాప్ అడగదు, నేనూ అడగలేదు.
సిమెంటు బస్తాలు లెక్కపెడుతూ ఆమే చెప్పింది:
"బొగ్గు బట్టీ కాడ ఇరవై ఏళ్లు పొగ మింగాడు సారూ.
ఇంక పట్టలా."

ఆ తర్వాత డబ్బు ఆగిపోయింది.
ఎక్కడ ఆగిందో నాకూ తెలియదు.
ఢిల్లీలో బయల్దేరిందన్నారు.
ఈ వాటా పడితే ఆ వాటా,
ఆ లెక్క తేలితే ఈ వాటా అన్నారు.
సోమశిల కాలవ చివర చేను ఉన్నోడికి చెప్పనక్కర్లేదు,
నీళ్లు వదిలారని పేపర్లో చదువుకుంటూ
ఎండిన తూము మీద కూర్చోవడం ఎట్లా ఉంటుందో.

అర్జీల సోమవారం, ప్రతి సోమవారం, వచ్చేది.
"పడిందా సారూ?"
"పడలా."
ఈ రెండు ముక్కలకి ఆటోకి నలభై, రానూ పోనూ ఎనభై.
కొన్నాళ్లకి గుమ్మంలోంచే నా మొహం చూసి
తిరిగి వెళ్లిపోయేది.

మూడేళ్లకి వెళ్లాను లేఅవుట్‌కి,
ఖర్చయిన సొమ్ముకి సర్టిఫికెట్ రాయమంటే.
దారి లేదు. బండి దిగి నడిచాను.
రెండొందల పన్నెండు పునాదుల్లో
అందరికన్నా ముందు గృహప్రవేశం చేసింది
సర్కారు తుమ్మ.
దానికి మంజూరు లేదు, మట్టాల్లేవు,
ఎవరి వాటా కోసమూ ఆగలేదు.
ప్లానులో నేను వంటగది అని గీసిన చోట ఒకటి
లింటెలు దాటి
రూఫు మట్టాన ముళ్లు పరిచింది.

చెట్టు కింద పెంచలమ్మ, చేతిలో గొడ్డలి.
"ఇప్పుడే తీయమాక ఫొటో. నరికినాక తీ."
ఈ ఒక్కటే మూడు బస్తాల బొగ్గంట.
పక్కింటి కాదర్‌బీ హాల్లో రెండున్నాయంట, కొట్టుకోమనిందంట.
మూలింటి మాలకొండయ్య కూలికి చెన్నై పోతా పోతా
మా ఇంట్లోవీ నీయే అన్నాడంట.
అన్నీ కాల్చి అమ్మితే నాలుగు వరసల ఇటిక.
"అయిదు కూడా రావచ్చు. ఇటిక ధర నిలబడితే."

అదే పొగ కదమ్మా, అనబోయాను.
ఆమె అప్పటికే కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుంది.

"నీకు ఇల్లుందా సారూ?"
అద్దెకుంటున్నా.
"మరి నిన్నెవరు తీస్తారు ఫొటో?"
నవ్వింది. కొంగు వెనక కళ్లే నవ్వాయి.

యాప్ తెరిచాను. ఏ మట్టం, అనడిగింది.
నాలుగే ఉన్నాయి, వాటిల్లో ఇది లేదు.
ఎం-బుక్కు మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
వంటగది. తుమ్మ ఒకటి. పదకొండడుగులు.
పై అధికారి చెరిపేస్తాడు, చెరపనీ.

పైనుంచి చూస్తే ఇప్పుడు
పచ్చగా కనపడుద్ది, అంకయ్యా.

మొదటి దెబ్బకి పిట్ట ఒకటి లేచింది.
రెండో దెబ్బకి గోడ మీంచి మట్టి రాలింది.
"అట్టా జరుగు సారూ," అంది పెంచలమ్మ,
"ఇటే పడుద్ది."