అరువు తీగ

ఆ చలికాలం మా బడికి ఫీజు
మనిషికో కట్టెపేడు.
గుమ్మం పక్కన పెచ్చులూడిన ఇనప్పొయ్యి
మా పేర్లు పిలవకముందే
మా కట్టెల్ని అడిగేది.

చియాతురాలో కరెంటు పోయి అప్పటికి పదకొండో రోజు.
లోయ మీద తీగబండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి
కొండకీ కొండకీ మధ్య
ఎవరో ఆరేసి మరిచిపోయిన బట్టల్లా వేలాడుతున్నాయి.
అలాంటప్పుడు ఎతేరి టీచరు
ఇవాళ విద్యుత్తు, అంది.
వెనక బల్లల్లో నవ్వు.
ఆమె కూడా నవ్వింది.
చేతితొడుగులు తియ్యకుండానే సుద్దముక్క అందుకుంది.

రాగితీగ కావాలని క్రితం వారమే అడిగింది.
జురాబ్ పాత రేడియోలోంచి మూరెడు పీక్కొచ్చాడు.
మా అమ్మ కుట్టుపెట్టె అడుగున దొరికింది నేను తెచ్చాను,
తీరా చూస్తే అది ఇత్తడి.
ఓతియా మాత్రం
కోటు గుండీలు విప్పి నిలబడ్డాడు.
రొమ్ముకి చుట్టుకుని తెచ్చాడు
లేతపాకం రంగులో మెరిసే తీగ, బారలకు బారలు.

ఎక్కడిదని ఎవరూ అడగలేదు.
వాళ్ళ నాన్న ఎగువ స్టేషన్లో మోటారు మేస్త్రీ.
ఏడాదిగా మోటారూ తిరగలేదు, జీతమూ రాలేదు.
ఊళ్ళో ఏ తీగ ఏ రాత్రి మాయమైందో
మాకందరికీ తెలుసు.
టీచరు దాన్ని పొయ్యి వెలుగులో
అటూ ఇటూ తిప్పి చూసింది.
"శనివారం తూకం," అన్నాడు వాడు, నేలచూపులు చూస్తూ.
"ఇవాళ గురువారమే కదా," అందామె.

అట్టగొట్టం మీద చుట్టాం.
ఒకరు తిప్పుతుంటే ఒకరు లెక్క.
రెండు వందల పదహారా, పదిహేడా అని
మధ్యలో ఒకసారి కొట్టుకున్నంత పని చేసి
చివరికి నాలుగొందలు అనిపించాం.
కొసల మీది పూత నేనే గీకాను, బ్లేడుతో.

అయస్కాంతం గొట్టంలోకి దూరింది.
గాల్వనోమీటరు ముల్లు
నిద్రలో పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు
కుడివైపు ఒక్క గెంతు గెంతింది.
అయస్కాంతాన్ని లోపలే ఉంచింది టీచరు.
ముల్లు మెల్లగా వచ్చి సున్నా మీద కూచుంది.
"లోపలే ఉందిగా, మరి?"
"ఉంటే చాలదు. కదలాలి."
బయటికి లాగింది. ఈసారి ఎడమకి.

ఇక లెంజ్ నియమం.
పుస్తకంలో మూడు వరుసల వాక్యం, నోరు తిరగదు.
ఆమె తీగచుట్ట మీద చెయ్యేసి చెప్పింది:
"వచ్చేదాన్ని రావద్దంటుంది.
తీరా వచ్చాక
పోయేదాన్ని పోవద్దంటుంది.
దీని గుణమే అంత."
"అచ్చం మా నానమ్మ," అంది మ్జియా.
పొయ్యితో సహా అందరం నవ్వాం.

ఓతియా వంతు వచ్చింది.
ముందు మెల్లగా దూర్చాడు, ముల్లు కదిలీ కదలనట్టు.
తర్వాత ఏమనుకున్నాడో
లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ,
ముల్లు అంచుకి తగిలి టిక్కుమనేదాకా.
"బల్బు వెలుగుతుందా?"
"దీనికి వెలగదు."
"ఎన్ని చుట్లు వేస్తే వెలుగుతుంది?"
"మీ నాన్ననడుగు," అందామె. "ఆయనకి నాకన్నా బాగా తెలుసు."
వాడు తల ఎత్తి చూడటం
ఆ రోజుకి అదే మొదటిసారి.

గంట కొట్టాక ఎవరూ లేవలేదు.
విప్పడం మొదలుపెట్టాం.
నాలుగొందలు, మూడొందల తొంభై తొమ్మిది,
అలా వెనక్కి.
రెండు వందల పదిహేడు దగ్గర ఎవరూ వాదించలేదు.
మెలిక పడకూడదు, తెగకూడదు.
వాడు చేతులు చాపి నిలబడితే
చుట్టూ తిరుగుతూ మళ్ళీ రొమ్ముకి చుట్టాం.
చుడుతుంటే వాడి గుండె
నా వేళ్ళకి తగిలింది.
గుండీలు టీచరే పెట్టింది.

శనివారం తూకంలో రవ్వంత తగ్గి ఉంటే
అది నేను గీకిన పూతే.
తేనెరంగు పొడి.
చాన్నాళ్ళు నా గోళ్ళలోనే ఉంది.