చేప చొక్కా

మా ఇదాలీనా అత్త
చేపల బజారుకి పోతుంది గాని చేపలు కొనదు.
పన్నెండు దాటాక, బల్లలు కడిగే వేళకి
నీలం బకెట్టు ఊపుకుంటూ వస్తుంది.
"మాంసం మీరు తినండి నాయనా,
నాకు దాని చొక్కా చాలు."
ఫయాల్ దీవిలో ఈ మాటకి నవ్వని బెస్తవాడు లేడు.
నవ్వుతూనే బకెట్టు నింపుతారు.

చిలుకచేప పొలుసు బొటనగోరంత ఉంటుంది,
అంచున కాస్త ఎరుపు.
కడిగితే పోతుంది ఆ ఎరుపు.
పోనీ, అంటుంది అత్త, దాని రంగు దాన్నే తీసుకుపోనీ.

ఉప్పునీళ్ళలో ఒక రాత్రి.
నిమ్మరసంలో ఒక పూట.
మూడోనాటికి గాని వాసన ఇల్లు వదలదు,
ఆ మూడు రోజులూ పిల్లులు మా గుమ్మం వదలవు.
పాత దుప్పటి మీద ఆరబోస్తే
మొండిగా వంకర తిరుగుతాయి,
తడివేలు తగిలితే మళ్ళీ మాట వింటాయి.
గోళ్ళ కత్తెరతో కత్తిరిస్తే రేకు,
సూదితో పొడిస్తే ఆవగింజంత బెజ్జం.

తీగ ఎక్కడిదంటారా?
రేవు పక్కన మూతపడ్డ టెలిఫోన్ ఆఫీసు
గోడ కూల్చిన రోజున
అత్త భుజాన వేసుకొచ్చిన చుట్ట.
తొడుగు ఒలిస్తే లోపల వెంట్రుకంత రాగి.
ఎన్ని చావు కబుర్లు, ఎన్ని చేపల ధరలు
దాంట్లోంచి పరిగెత్తాయో!
ఇప్పుడు కదలకుండా
ఒక పువ్వుని మోస్తోంది.

నాకు చిన్నప్పుడు ఇదంతా రోత.
అమ్మ బజారులో పొలుసు గీకేది,
బడికి ముందు నేను పక్కన.
ఎంత తోముకున్నా
మోచేతి మీద ఒక్కటి మిగిలేది.
లెక్కల క్లాసులో కిటికీ ఎండ దాని మీద పడేది.
"చేపకి కాళ్ళొచ్చాయిరోయ్!"
వెనక బెంచీలోంచి వాల్దెమార్.
పద్నాలుగేళ్ళొచ్చేదాకా
జూన్ ఎండలో కూడా
నిండు చేతుల చొక్కా వేసుకున్నాను.

మొన్న మార్చిలో అదే వాల్దెమార్
టోపీ చేత్తో నలుపుతూ మా గడపలో నిలబడ్డాడు.
కూతురి పెళ్ళట.
బంగారం పెట్టలేడట, ముత్యాల మాట ఎత్తలేడట,
పైగా ఆ పిల్లకి పొలుసు కిరీటమే కావాలట.
నేను ధర చెప్పాను.
రెట్టింపు చెప్పాను.
బల్ల కింద అత్త నా కాలు తొక్కింది.
తొక్కితే తొక్కనీ, అనుకున్నాను,
ఐదు నిమిషాలాగి సగానికి దిగాను.

అత్తకి చూపు మందగించింది.
నూట ఎనభై రేకుల్లో నూరు నా చేతివే.
ఒకటి వంకరగా తెగింది.
అత్త తడిమి చూసింది, ఏమీ అనలేదు,
ముందువరసలోనే గుచ్చమంది.

గ్రసియేత్ వచ్చి తలమీద పెట్టుకుంది,
అద్దంలో అటు తిరిగింది, ఇటు తిరిగింది.
"వాసనొస్తుందా?"
"నీ పెళ్ళికొడుకు పని చేసేది ట్యూనా పడవ మీద కదే,"
అంది అత్త,
"ఎవరి వాసన ఎవరికి అంటేను?"
తర్వాత ఒక పొలుసు తీసి దీపానికి అడ్డం పెట్టింది.
చెట్టు మొదట్లో ఉన్నట్టే సన్నని వలయాలు,
చలికాలానికొక గీత.
"ఇది ఏడేళ్ళు బతికింది. అది నాలుగు.
తల వంచకు పిల్లా,
చాలా చలికాలాలు మోస్తున్నావు."

పెళ్ళిరోజున
నేను ఆలస్యంగా వెళ్ళాను,
చర్చిలో వెనక బెంచీయే దొరికింది.
పక్క కిటికీలోంచి ఎండ ఒక్కసారిగా దిగి
ఆ పిల్ల తలంతా తళుక్కుమంది.
ముందువరసలో వాల్దెమార్
కళ్ళు తుడుచుకుంటున్నాడు.

నాలిక చివరిదాకా వచ్చింది ఆ పాత మాట.

మింగేశాను.
ముల్లు ఇంకా ఉంది దానికి.