మీసాల బకెట్టు

ఆ ఊరి పేరు వాగా వాగా.
రెండుసార్లు ఎందుకని అడిగితే
"మొదటిది నీకు, రెండోది తమ్ముడికి" అంది అమ్మ.
అమ్మకి అక్కడ పసుప్పచ్చ పొలాల్లో ఉద్యోగం.
కనోలా అంటారు, మన ఆవాలకి పినతల్లి కూతురు.
దాని ఆకుమచ్చల్ని భూతద్దంలో చూసే పని.
నాన్నకి పని లేదు.
చోడవరం చక్కెర మిల్లులో పాకం పట్టు చెప్పిన మనిషి
ఎనిమిది నెలలుగా
మా టిఫిను డబ్బాలకి మూతలు పెడుతున్నాడు.

సెప్టెంబరు వచ్చింది. అక్కడ అదే వసంతం.
బడి నుంచి ఒక చీటీ:
మాగ్‌పై పిట్టలు గూళ్ళు కట్టాయి, తలలు జాగ్రత్త.
ఐస్‌క్రీం బకెట్టు బోర్లించుకుని రండి.
వెనకవైపు కళ్ళు గీయండి,
చూస్తున్నవాళ్ళ మీదికి అవి రావు.

నాన్న చీటీ తీసుకుని తనే ఇంకోసారి చదివాడు.
"ఒట్టి కళ్ళు ఏం సరిపోతాయి" అన్నాడు.
ఉప్పు పోసుకోవాలని అమ్మ కడిగి దాచిన
నాలుగు లీటర్ల వెనిల్లా డబ్బా మీద
గుడ్లురిమే కళ్ళు, వాటిలో ఎర్ర జీరలు,
రెండు కోరలు, వేలాడే నాలుక,
చెవులదాకా మెలితిరిగిన మీసాలు.
కడుతున్న ఇంటి ముందు గుంజకి కట్టే దిష్టిబొమ్మ
విమానం ఎక్కకుండానే వచ్చేసింది.
అమ్మ ఏమీ అనలేదు.
అంది, ఒక్కటే: "మూతైనా నాకివ్వండి."

నాకు ఏడుపొచ్చింది.
అందరి బకెట్ల మీదా రెండేసి చుక్కలు,
మహా అయితే ఒక పొద్దుతిరుగుడు పువ్వు.
గేటు దగ్గర కూపర్ ఆగాడు.
నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.
"నాకూ అలాంటిదే కావాలి."

శనివారం మా గరాజు ముందు వరస.
పదకొండు బకెట్లు, ఒక సైకిలు హెల్మెట్టు,
చివర్న డెబ్బై ఏళ్ళ బెవ్, తోటపని టోపీ పట్టుకుని.
నాన్నకి ఇంగ్లీషు వచ్చు, వాళ్ళ ఇంగ్లీషు రాదు.
మీసం పైకా కిందికా అని తెలుగులోనే అడిగేవాడు.
నేను మాట మార్చేలోపే
వాళ్ళు వేలితో గాల్లో మెలి తిప్పి చూపించేవాళ్ళు.
ఆ రోజు నాతో ఎవరికీ అవసరం పడలేదు.

పిట్ట భయపడిందా అంటే చెప్పలేను.
కూపర్‌ని రెండుసార్లు తన్నింది, సరిగ్గా మీసం మీదే.

నాన్న మాత్రం బకెట్టు పెట్టుకోడు.
"నలభై రెండేళ్ళొచ్చాయే నాకు!"
దరఖాస్తులు ప్రింటు తీసుకోడానికి
రోజూ లైబ్రరీకి నడిచేవాడు.
మూలమీది నీలగిరి చెట్టులో
అది నాన్న కోసమే కాచుక్కూర్చునేది.
అవి మొహాలు మరిచిపోవు, అని చెప్పింది బెవ్.
ఒకసారి పగబడితే ఏళ్ళ తరబడి పోల్చుకుంటాయట.
ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను.
చెవి మీది రక్తం తుడుచుకుంటూ
"పోన్లే, ఊళ్ళో ఒకరికైనా గుర్తున్నాను" అన్నాడు.
నేను నవ్వాను.
నేను నవ్వానని తమ్ముడూ నవ్వాడు.
అమ్మ డెట్టాలు సీసా మూత
తిప్పుతూనే ఉంది, ఎప్పుడో బిగుసుకుపోయినా.

తర్వాత పిండిమరలో రాత్రి పని దొరికింది.
తర్వాత అమ్మ కాగితాల మీద మూడేళ్ళు నిండాయి.
ఇంకో ఊరు, ఇంకో పంట, ఇంకో మచ్చ.

వెళ్ళిపోయే రోజు జూన్ చలి.
నా ఒళ్ళో బకెట్టు, నిండా రాళ్ళుప్పు,
తోమి తోమి ఒక మీసమే మిగిలింది.
మూలమలుపు దగ్గర కారాపించి
నాన్న ఒట్టి తలతో ఆ చెట్టు కిందికి నడిచాడు.
గూళ్ళ కాలం కాదు.
పిట్ట కొమ్మ మీదుంది,
గొంతులో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు పాడుతూ.
పాట ఆపింది. తల పక్కకి వంచి చూసింది.
రాలేదు.
నాన్న ఇంకాస్త ముందుకు జరిగి
అక్కడే నిలబడ్డాడు,
అమ్మ హారను కొట్టేదాకా.